కాంట్రాక్టులో కాలేజీ ఖర్చూ రాయించుకోండి

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి 16 ఏళ్లు, హైస్కూల్ టీమ్‌లో పిచ్చర్ (బంతి విసిరేవాడు). కాలేజీ వద్దు, ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడతానంటున్నాడు. గాయాలతో కెరీర్ తొందరగా ముగిసిన పిచ్చర్ మార్క్ ఫిడ్రిచ్ గురించి చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. వద్దని చెప్పనా?

జవాబు: అమ్మా, ఫిడ్రిచ్ కథ వింటే ఏ తల్లికైనా గుబులు పుడుతుంది. 1976లో మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) జట్టు డెట్రాయిట్ టైగర్స్‌లోకి వచ్చేనాటికి అతనికి 21 ఏళ్లు. బంతితో మాట్లాడేవాడు, మోకాళ్ల మీద కూర్చుని మౌండ్ (పిచ్చర్ నిలబడి విసిరే దిబ్బ) మట్టిని చేత్తో సర్దుకునేవాడు. అతన్ని చూడ్డానికే జనం ఎగబడ్డారు. ఆ ఏడాది 19 గెలుపులు, రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అవార్డు. 29 మ్యాచ్‌లు మొదలుపెట్టి 24 చివరిదాకా తనే వేశాడు (ఈ రోజుల్లో ఏ మేనేజరూ అలా వేయనివ్వడు). మరుసటి ఏడాది మోకాలికి ఆపరేషన్. తిరిగొచ్చిన కొద్ది వారాలకే భుజం మొరాయించింది. తర్వాతి నాలుగు సీజన్లలో కలిపి గెలిచింది 10. 1980తో మేజర్ లీగ్ అయిపోయింది, మొత్తం 58 మ్యాచ్‌లు. భుజంలో రొటేటర్ కఫ్ (కీలును పట్టి ఉంచే కండరాల సముదాయం) చిరిగిందని తేలింది మాత్రం 1985లో! ఆ తర్వాత మసాచుసెట్స్‌లో పొలం చూసుకుంటూ, ట్రక్కు నడుపుకుంటూ బతికాడు.

నాకు కలుక్కుమనిపించేది ఆ ఎనిమిదేళ్ల ఆలస్యం. మీవాడు భుజం నొప్పి అంటే ఐస్ పెట్టి సరిపెట్టకండి, స్పోర్ట్స్ డాక్టర్‌కు చూపించండి. పిచ్ స్మార్ట్ అనే కుర్ర పిచ్చర్ల భద్రతా నియమాల ప్రకారం ఈ వయసులో రోజుకు 95 బంతులు దాటకూడదు, ఏడాదిలో 4 నెలలు పోటీ పిచింగ్ మానాలి. స్కూల్ టీమ్, ట్రావెల్ టీమ్ (స్కూల్ బయట ఆడే క్లబ్ జట్టు) ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు. రెండూ కలిపి లెక్కపెట్టాల్సింది మీరే.

ఆట వద్దని చెప్పకండి. హైస్కూల్ అవగానే డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ క్లబ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఎంపికైతే, సంతకానికి ముందే కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్‌ను కాంట్రాక్టులో చేర్పించండి. ఆట మానేశాక చదువు ఖర్చు క్లబ్ ఇస్తుంది. ఎన్ని సెమిస్టర్లు, ఒక్కోదానికి ఎంత, ఎప్పటిలోగా చేరాలి అన్నవి స్పష్టంగా రాసి ఉండాలి. అయితే డ్రాఫ్ట్‌లో ఉండేది 20 రౌండ్లే, కాబట్టి చోటు దొరకడం కష్టం. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది పూర్తయ్యాకో, 21 నిండాకో మళ్లీ డ్రాఫ్ట్‌కు వెళ్లొచ్చు. నా మొగ్గు ఈ దారికే.

డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీలో ఆడాలంటే కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏకు 16 కోర్ కోర్సుల్లో (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు) కనీసం 2.3 జీపీఏ (గ్రేడ్ల సగటు) చూపాలి. వాటిలో 10 సీనియర్ ఇయర్ (హైస్కూల్ ఆఖరి ఏడాది) మొదలయ్యేలోపే అయిపోవాలి. మీవాడివి ఎన్నయ్యాయో ఈ వారమే స్కూల్ కౌన్సెలర్‌ను అడగండి.