లేత్ ముందు కూర్చున్న అబ్బాయిని లేపకండి

ఒక తల్లి ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. సరదాకి కొనిచ్చిన బుల్లి లేత్ (లోహపు రాడ్‌ని తిప్పుతూ కోసే యంత్రం) మీద రోజంతా నలుసంత స్క్రూలు చేస్తూ కూర్చుంటున్నాడు, రోజూ గంటసేపు కోసే టూల్ నూరుకోవడమే సరిపోతోంది. కంప్యూటర్ సైన్సా, మెకానికలా? కనీసం సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రాల) ప్రోగ్రామింగ్ కోర్సులోనైనా చేర్చమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

అమ్మా, మీరు అడిగింది బ్రాంచి గురించే అయినా మీ భయం మాత్రం వాడు చెడిపోతున్నాడేమోనని. చెడిపోవడం లేదు. మీరు పంపిన ఫొటోలో ఆ మిల్లీమీటరు ఇత్తడి స్క్రూ కొస చూడండి, మధ్యలో చిన్న బొడిపె కూడా మిగల్లేదు. టూల్ మొన రాడ్ సెంటర్ కంటే కాస్త కిందికున్నా అది మిగిలిపోతుంది, అంత సన్నటి ముక్కయితే టూల్ మీదికెక్కి వంగిపోతుంది కూడా. ఇక ఆ నూరడం అంటారా, లేత్ నిమిషానికి 3000 చుట్లు తిరిగినా మిల్లీమీటరు రాడ్ అంచు వేగం నిమిషానికి తొమ్మిదిన్నర మీటర్లు దాటదు, ఆ కాస్త వేగంతో లోహం నున్నగా తెగాలంటే పదునే దిక్కు.

సీఎన్‌సీ కోర్సు మీద నాకు అనుమానాలున్నాయి. కోడ్ కొట్టడం ఎవరైనా త్వరగానే నేర్చుకుంటారు, అందులో చాలా భాగం ఇప్పుడు సాఫ్ట్‌వేరే రాసిపెడుతోంది. ముక్క ఎందుకు వంగిందో మాత్రం అది నేర్పదు. బయటికున్న పొడవు అంతే ఉండి రాడ్ వ్యాసం సగమైతే పదహారు రెట్లు తేలిగ్గా వంగుతుంది. అందుకే గడియారం భాగాలు, పళ్ల ఇంప్లాంట్ స్క్రూలు చేసే స్విస్ టైప్ లేత్‌లలో రాడ్‌ని గైడ్ బుష్‌లోంచి, అంటే దాన్ని వంగకుండా ఆపే గొట్టంలోంచి, తోస్తూ దాని పక్కనే కోస్తారు. మీవాడు కాలెట్‌లోంచి (రాడ్‌ని బిగించి పట్టుకునే భాగం) రాడ్‌ని కొంచెమే బయటికి లాగి కోస్తున్నాడు, అదే కిటుకు.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరం నిండా నలుగురూ ఏమంటున్నారో ఉంది, వాడేమంటున్నాడో ఒక్క ముక్క లేదు. వాణ్ని అడిగారా అసలు?

లెక్కలు బాగా వస్తే మెకానికల్‌లో చేర్చండి, కోడింగ్ పక్కన నేర్చుకోవచ్చు. అంతకంటే ముందు ఒకే స్క్రూని పది సార్లు చేసి, మైక్రోమీటర్‌తో కొలిచి, కొలతలు రాసుకోమనండి. పదోది కూడా మొదటిదానంత ఇష్టంగా చేస్తే ఇది వాడికి వృత్తి అవుతుంది, మూడోదానికే విసుగొస్తే హాబీగా ఉంటుంది, అప్పుడు కంప్యూటర్ సైన్స్ గురించి మాట్లాడుకుందాం. ఈలోగా ఆ లేత్ తీసి అటక మీద పెట్టకండి. రక్షణ కళ్లజోడు పెట్టుకోకుండా స్విచ్ వేస్తే మాత్రం గట్టిగా కేకలేయండి.