స్క్విడ్ వేయిస్తే విందు కాదు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటూ, హాంకాంగ్ బృందంతో రోజూ ఫోనులో మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాను. ఇష్టంకొద్దీ వాళ్ళ కాంటనీస్ భాష నేర్చుకుంటున్నాను. మొన్న ఒక సహోద్యోగిని తన తమ్ముడికి ఎవరో స్క్విడ్ వేయించారని చెబితే, విందు కాబోలనుకుని అభినందనలు తెలిపాను. అవతల అందరూ మౌనం వహించారు. ఈ నుడికారాలను నేర్చుకునే పద్ధతి ఏమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ తమ్ముడి ఉద్యోగం పోయిందమ్మా. 'ఛావ్ యౌ యూ' అంటే స్క్విడ్ అనే సముద్రజీవిని వేయించడం. వేడి పెనం మీద స్క్విడ్ ముక్క చుట్టుకుపోతుంది. పూర్వం యజమాని దగ్గరే బస చేసే పనివాడు, పని పోయినప్పుడు తన పరుపును అలాగే చుట్టుకుని వెళ్ళేవాడు కనుక ఈ మాట పుట్టిందంటారు. పూజ ముగిశాక దేవుణ్ణి సాగనంపే 'ఉద్వాసన'ను మనం ఉద్యోగాలకు అంటగట్టలేదా?

అర్థంతో పాటు, ఆ మాటను ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో కూడా రాసుకోండి. బెంగళూరులో పక్కింటివారు 'ఊట ఆయ్తా' అన్నప్పుడు మీరు వడ్డనకు ఎదురుచూడరు కదా. 'సిక్ చో ఫాన్ మేయ్ ఆ', అంటే అన్నం తిన్నారా అన్న పలకరింపు కూడా అటువంటిదే.

నన్నడిగితే, నుడికారాల కంటే ముందు కృతజ్ఞత చెప్పే రెండు మాటలను సరిచేసుకోవాలి. తలుపు పట్టుకున్నవారికి, టీ తెచ్చిన మనిషికి 'మ్ గోయ్' అనాలి. హోటల్లో సర్వరును పిలవడానికీ అదే మాట. బహుమతి ఇచ్చినా, మెచ్చుకున్నా 'తో చే' అనాలి. మన 'థ్యాంక్స్' అన్నింటికీ సరిపోతుంది కాబట్టి, తెలుగువారు సాధారణంగా తడబడేది ఇక్కడే.

ఉచ్చారణకు తెలుగు లిపి మీద ఆధారపడకండి. కాంటనీస్‌లో ఆరు స్వరాలున్నాయి. 'మాయ్' అనే మాటను కింది నుంచి పైకి లేపితే కొనడం, కిందనే సమంగా పలికితే అమ్మడం. అందుకే 1993లో హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం రూపొందించిన, ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో చూపే 'జ్యూట్‌పింగ్' పద్ధతిలో, స్వరం అంకెతో సహా రాసుకోవడం మేలు.

మీ సహోద్యోగినికి ముందు విచారం తెలియజేయండి. ఆ తరువాత, మీ పొరపాటును 'కయ్ థుంగ్ ఆప్ కోంగ్' అనుకోవచ్చు. కోడి బాతుతో మాట్లాడడమన్నమాట. చెవిటివాడి ముందు శంఖంలో లోపం ఒకవైపే ఉంటుంది, ఇక్కడ ఇద్దరూ మాట్లాడతారు, ఇద్దరికీ అర్థం కాదు. ఎదుటివారి మీద కాక మీ మీదే ప్రయోగించుకుంటే ఎవరూ నొచ్చుకోరు.