సముద్రం పక్కన ఏడాది ఉండాలంటే ఎంత కావాలి?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మావారికి 42, నాకు 38. ఆయన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తారు, ఏడాదికి 38 లక్షలు. నేను ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని, నెలకు 48 వేలు. బాబు ఆరో తరగతి, పాప మూడో తరగతి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు 22 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్ 31 లక్షలు ఉన్నాయి. నెలకు 40 వేల సిప్ నడుస్తోంది. తాడేపల్లి దగ్గర 200 గజాల స్థలం ఉంది. ఇంటి లోను ఇంకా 26 లక్షలు, ఈఎంఐ 34 వేలు. ఒక్క ఏడాది ఉద్యోగాలు పక్కనపెట్టి, పిల్లలతో విదేశంలో సముద్రం ఒడ్డున ఉండి రావాలని మా కోరిక. పోర్చుగల్ అనుకుంటున్నాం. మావారికి ఏడాది జీతం లేని సెలవు ఇస్తామన్నారు, లేదంటే వారానికి నాలుగు రోజుల పని, 80 శాతం జీతం అన్నారు. నేను రాజీనామా చేస్తాను. దసరా కాగానే బయల్దేరాలని ఉంది. ఇల్లు అద్దెకిస్తాం. మాతో ఉండే అత్తగారు ఆ ఏడాది గుంటూరులో మా ఆడపడుచు దగ్గర ఉంటారు. ఖర్చులకి స్థలం అమ్మేయమంటారా?

జవాబు: స్థలం అమ్మొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను, ఎందుకంటే మీ ప్రయాణానికి అడ్డం పడేది డబ్బు కాదు, వీసా.

బ్యాంకులో డబ్బుంటే ఏ దేశంలోనైనా ఏడాది ఉండొచ్చని చాలామంది అనుకుంటారు. పోర్చుగల్ వాళ్ళ డీ7 వీసా అద్దెలు, పింఛను, వడ్డీలు, డివిడెండ్ల లాంటి, కూర్చుంటే వచ్చే ఆదాయం ఉన్నవాళ్ళకి. అక్కడి కనీస వేతనం 2026లో నెలకు 920 యూరోలు. దరఖాస్తు చేసినవాళ్ళకి అంత ఆదాయం ఉండాలి, జీవిత భాగస్వామికి అందులో సగం, ఒక్కో బిడ్డకి 30 శాతం కలపాలి. మీ నలుగురికీ 1,932 యూరోలు, అంటే నెలకు రెండు లక్షల పైమాటే. మీ 22 లక్షల డిపాజిట్ల మీద వడ్డీ నెలకు పన్నెండు వేలు వస్తే గొప్ప. పోనీ, ఆన్‌లైన్‌లో పనిచేసుకునేవాళ్ళ డీ8 వీసా చూద్దామంటే కనీస వేతనానికి నాలుగు రెట్లు, 3,680 యూరోలు చూపించాలి. మీవారి పూర్తి జీతం కూడా అంత దూరం వెళ్ళదు. స్పెయిన్‌లో పని చేయకుండా ఉండే వీసాకి నలుగురికి నెలకు 4,200 యూరోలు. అది వదిలేయండి.

విచిత్రం ఏమిటంటే, మీరు జీతం మానేసి విశ్రాంతి తీసుకుందామనుకుంటున్నారు, ఆ దేశాలేమో జీతమో ఆదాయమో చూపిస్తేనే రానిస్తామంటున్నాయి. జీతం లేని సెలవు పెట్టిన రోజునే మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం పోతుంది. అందుకని ఆ సెలవు వద్దు. కంపెనీ ఇస్తానన్న రెండో మాట, నాలుగు రోజుల పని, పట్టుకోండి. విదేశం నుంచి పనిచేయడానికి అనుమతి కూడా అందులోనే రాతపూర్వకంగా తీసుకోండి. మేనేజర్ ఫోన్‌లో సరే అన్నాడంటే సరిపోదు, మేనేజర్లు మారిపోతుంటారు.

అప్పుడు నాకు తట్టిన దేశం మారిషస్. వాళ్ళు 2020 నవంబరులో మొదలుపెట్టిన ప్రీమియం వీసా ఏడాది ఉండనిస్తుంది, కుటుంబాన్నీ రానిస్తుంది. షరతు ఏమిటంటే మీ సంపాదన మారిషస్ బయటి నుంచి రావాలి, అక్కడి ఉద్యోగాల్లో చేరకూడదు. నెలకు 1,500 డాలర్ల ఆదాయం, ఒక్కో బిడ్డకి మరో 500 చూపించాలి. మీకు 2,500 డాలర్లు. డాలరు 95 రూపాయలు వేసుకున్నా 2.37 లక్షలు. 38 లక్షల్లో 80 శాతం అంటే నెలకు 2.53 లక్షలు, గట్టెక్కుతారు. కానీ ఆ 38 లక్షలు సీటీసీ అయితే అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కలిసి ఉంటాయి, పేస్లిప్‌లో అంత కనిపించదు. ఈ రాత్రే పేస్లిప్ తీసి చూడండి. తక్కువపడేలా ఉంటే 85 శాతానికి మాట్లాడుకోవాలి.

మారిషస్ అనగానే మీ మొహం చిన్నబోయి ఉంటుంది. యూరప్ కాదు, నిజమే. కానీ 19వ శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి చెరుకు తోటల పనికి వెళ్ళిన మనవాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఉగాదికి దేశమంతా సెలవు. మన కంటే గంటన్నర వెనక ఉంటారు కాబట్టి విజయవాడ తొమ్మిదిన్నర మీటింగు అక్కడ ఎనిమిదికి అయిపోతుంది, మీవారు సాయంత్రం నాలుగున్నరకల్లా ఇసకలో ఉంటారు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ కూడా నడుస్తోంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం, దాని గురించి కోస్తా ఆంధ్ర వాళ్ళకి నేను చెప్పేదేముంది? సరుకులు చాలావరకు దిగుమతే, కాబట్టి కిరాణా బిల్లు మాత్రం మన లెక్కకి అందదు.

ఇప్పుడు లెక్క. పన్ను, పీఎఫ్ పోగా మీవారి చేతికి నెలకు 1.9 లక్షలు వస్తాయనుకుందాం. ఇక్కడి ఈఎంఐ 34 వేలు, అత్తగారికి 20 వేలు, బీమాలూ మెయింటెనెన్సూ 10 వేలు తీసేస్తే 1.26 లక్షలు మిగులుతాయి. సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు, తిండి, తిరుగుళ్ళు కలిపి నేను నెలకు 2.1 లక్షలు వేశాను. హోటళ్ళ అలవాటు ఉంటే చాలదు. లోటు నెలకు 84 వేలు, ఏడాదికి పది లక్షలు. విమానం టికెట్లు, ఇంటి అడ్వాన్సు, ఆరోగ్య బీమా, పిల్లల చదువు మరో ఆరు లక్షలు. మొత్తం 16 లక్షలు. మీ డిపాజిట్లలో ఆరు లక్షలు మిగులుతాయి.

ఆ ఆరు లక్షలు చూసి సరిపోయిందనుకోకండి. ఇలా ఏడాది వెళ్ళొచ్చిన కుటుంబాల లెక్కలు నేను చూసినంతలో, డబ్బుకి కటకటలాడేది అక్కడున్నప్పుడు కాదు, తిరిగి ఇక్కడ దిగిన మొదటి ఆరు నెలల్లో. నేను కింద చెప్పే తేదీల్లో వెళ్తే మీరు మే చివర్లో వస్తారు. కాలేజీలు మిమ్మల్ని తీసుకోవాలంటే కొత్త సెమిస్టర్ రావాలి, తీసుకున్నా పాత జీతం ఇస్తారన్న నమ్మకం లేదు. పిల్లల ఫీజులు, పుస్తకాలు, కొత్త అడ్మిషన్ అంటూ ఒకేసారి మీద పడతాయి. ఆగిపోయిన ఏసీ, కదలని కారు బ్యాటరీ కూడా మిమ్మల్నే చూస్తుంటాయి. ఆ ఆరు నెలలకి ఎనిమిది లక్షలు విడిగా ఉండాలి. దాన్ని నేను తిరుగు డబ్బు అంటాను. అది లేకుండా టికెట్ కొనొద్దు.

కాబట్టి దసరాకి వద్దు, 2027 జూన్‌లో వెళ్ళండి. ఈలోపు మీ జీతం 48 వేలూ, సిప్ 40 వేలూ నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే పది నెలల్లో దాదాపు తొమ్మిది లక్షలు. సిప్ ఆపితే కొంపలేం మునగవు, మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. ఉన్న 31 లక్షల ఫండ్స్‌ని మాత్రం కదపకండి. పిల్లల వైపు నుంచి చూసినా అదే మంచి సమయం. బాబు ఏడో తరగతి అక్కడ గడిపి ఎనిమిదిలో చేరతాడు. ఆ పైన ఆలస్యం చేస్తే కుదరదు. మన ఊళ్ళో ఎనిమిది నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లాడిని సముద్రం కాదు, వీధి చివర కూడా చూడనివ్వరు.

జూన్ అనడానికి ఇంకో కారణం పన్ను. ఒక ఆర్థిక సంవత్సరంలో మీ పాన్ మీద పది లక్షలు దాటి విదేశానికి పంపితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఇరుక్కుంటుంది. పరిమితి మనిషికి విడివిడిగా ఉంటుంది. అందుకని మొత్తం మీవారి ఖాతా నుంచే పంపకుండా, కొంత మీ ఖాతాలోకి మార్చి మీ పాన్ మీద పంపండి. ఇంటి అడ్వాన్సు 2027 మార్చి 31 లోపు వెళ్తే అది ఆ ఏడాది లెక్కలో పడుతుంది. ఏప్రిల్ నుంచి మళ్ళీ చెరి పది లక్షలు, 2028 ఏప్రిల్‌లో ఇంకోసారి. ఇలా పంచుకుంటే టీసీఎస్ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

ఏప్రిల్, మే నెలలు ఇక్కడుంటే 61 రోజులు. గత నాలుగేళ్ళలో ఏడాదికి మించి ఇక్కడే ఉన్నారు కాబట్టి, 60 రోజులు దాటగానే ఆ సంవత్సరానికి మీరు పన్ను లెక్కలో రెసిడెంట్లే. తిరిగొచ్చే తేదీ తెలిసి వెళ్తున్నారు కనుక ఖాతాలు ఎన్ఆర్ఓకి, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాలుగా, మార్చుకునే తంటా కూడా మామూలుగా ఉండదు. అయితే మారిషస్‌లో 183 రోజులు దాటితే అక్కడా రెసిడెంట్లు అవుతారు. రెండు దేశాలకీ పన్ను ఒప్పందం ఉంది. బయల్దేరే ముందు ఒక సీఏ దగ్గర గంట కూర్చోండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇక అత్తగారు. ఇంత పెద్ద ఉత్తరంలో ఆవిడకి ఒక్క వాక్యం ఇచ్చారు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? వారం పది రోజులంటే వేరు, ఏడాది పాటు అల్లుడి ఇంట్లో ఉండటం మన వైపు పెద్దవాళ్ళకి ఎంత ఇబ్బందో మీకు తెలియనిది కాదు. ఇల్లు అద్దెకిస్తే వచ్చే ఇరవై వేల కోసం ఆవిడ గది పోగొట్టొద్దని నా మాట. నా లెక్కలో అద్దె వేయకపోవడం అందుకే. ఆవిడకి వేసిన 20 వేలల్లో పగలు తోడుండే మనిషి జీతం కూడా ఉంది. ఇంకోటి, ఆవిడ ఆరోగ్య బీమా మీవారి కంపెనీ పాలసీలోనే ఉంటే, జీతం లేని సెలవులో అది కొనసాగేదో లేదో కనుక్కున్నారా? ఆ సెలవు వద్దనడానికి అదీ ఒక కారణం. అర్ధరాత్రి ఫోన్ వస్తే ముంబై మీదుగా వెంటనే రావడానికి రెండు లక్షలు సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి.

మీ సొంత ఫ్యామిలీ పాలసీని కూడా ఆపకండి. అక్కడ పనికిరాదు కదా అని ఒక ఏడాది ప్రీమియం మిగుల్చుకుంటే, వచ్చాక వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు 180 రోజులకే ఆగిపోతాయి, ఏడాదికి సరిపడే ఆరోగ్య బీమా విడిగా తీసుకోండి.

స్థలం సంగతి. 16 లక్షల అవసరానికి మొత్తం స్థలం అమ్మితే, మిగిలిన డబ్బు చేతిలో నిలవదు. ఎవరికో సర్దుబాటు, ఏదో కారు, అంతే. పైగా విమానం తేదీ పెట్టుకుని అమ్మేవాళ్ళని బేరగాడు వాసన పట్టేస్తాడు. లాభం మీద 12.5 శాతం పన్ను సరేసరి. స్థలానికి చుట్టూ రాళ్ళు పాతించి, ఫొటోలు తీసుకుని, మూడు నెలలకోసారి చూసి రమ్మని ఆడపడుచు భర్తకి చెప్పండి. అత్తగారిని ఏడాది ఉంచుకోవడమంత పెద్ద సాయం కాదు ఇది, ఆయన కాదనరు.

తిరుగు డబ్బు ఎనిమిది లక్షల ఎఫ్‌డీని 2028 మే మూడో వారంలో మెచ్యూర్ అయ్యేలా వేయించండి. మన బడులు జూన్ 12న తెరుస్తారు, ఇద్దరి ఫీజులూ ఆలోపే అడుగుతారు.