పాత కారు పెట్రోలు ఖర్చుకు కొత్త కారు అప్పు మందు కాదు

హనుమకొండ నుంచి పరకాలకు రోజూ కారులో వెళ్లి వచ్చే ఒక ఉపాధ్యాయురాలి ప్రశ్న ఇది. 2012లో కొన్న పెట్రోలు కారు ఒకప్పుడు లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చేదని, ఇప్పుడు 11 దాటడం లేదని, నెలకు 1,500 కిలోమీటర్ల ప్రయాణానికి లీటరు 108 రూపాయల చొప్పున పెట్రోలుకే 14,700 రూపాయలవుతున్నాయని, 8 లక్షల అప్పుతో కొత్త కారు కొంటే ఈ భారం తగ్గుతుందా అని ఆమె అడిగారు.

అమ్మా, తగ్గదు. ఏడేళ్ల గడువుకు, 9.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెల వాయిదా సుమారు 13,075 రూపాయలవుతుంది. కొత్త కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చినా, మీరు రాసిన 108 రూపాయల ధర ప్రకారం పెట్రోలులో మిగిలేది నెలకు 5,700 మాత్రమే. అదే మీ పాత కారును బాగు చేయించి 15కు తేగలిగితే నెలకు 3,900 మిగులుతుంది కనుక, మరమ్మతుకు 20,000 ఖర్చయినా ఆరు నెలలు తిరక్కుండానే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. ఆ తరువాత కూడా కారు మార్చాలనుకుంటే, నెలకు 1,800 రూపాయల పెట్రోలు ఆదా కోసం 13,075 కడుతున్నట్లవుతుంది.

నేను 17 అనకుండా 15 అనడానికి కారణం ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. దీనికోసం తయారు కాని పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికలోనే అంచనా వేసింది. ఆ మేరకు తగ్గినది ఏ మెకానిక్ చేతిలోనూ లేదు.

మిగిలిన తగ్గుదలకు కారణం వెతకాలి. ముందుగా ట్యాంకు నిండా పోయించి, మీటరు రీడింగు రాసుకుని, మళ్లీ నిండా పోయించేటప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించండి. మూడుసార్లు ఇలా చేస్తే గాని అసలు మైలేజీ తెలియదు. తరువాత టైర్లలో గాలి, వీల్ అలైన్‌మెంట్, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ చూపించండి. కొంత దూరం నడిపాక ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కితే ఆ బ్రేకు పట్టేస్తోందని అనుమానించాలి. ఇది పెట్రోలు కంటే ముందు మీ ప్రాణానికి సంబంధించిన విషయం, వాయిదా వేయకండి. చాలామంది చూపించనివి ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ తగినంత వేడెక్కదు, చల్లగా ఉందనుకుని కారులోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువగా పంపుతూనే ఉంటుంది. సెన్సార్ పాతబడితే పొగలో మిగిలిన ఆక్సిజన్ కొలత తప్పి, గాలికీ పెట్రోలుకూ ఉండాల్సిన పాళ్లు దెబ్బతింటాయి. భాగాలు మార్పించే ముందు, కారులోని కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే స్కానర్ పెట్టి చూడమని మెకానిక్‌ను అడగండి.

పొగ నీలంగా వస్తూ ఇంజిన్ ఆయిల్ తరచూ తగ్గిపోతుంటే మాత్రం ఇంజిన్ లోపలే అరిగిందని అర్థం, అప్పుడు ఈ కారుపై పెద్ద మొత్తాలు పెట్టవద్దు. 2027లో మీ కారుకు 15 ఏళ్లు నిండుతాయి. తనిఖీలో నెగ్గితే రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లకు పొడిగిస్తారు. ఇప్పటి నుంచే, వాయిదాగా కట్టడానికి సిద్ధపడిన సొమ్ములో సగం, అంటే నెలకు 6,500 రూపాయలు, రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండేళ్లలో 1,56,000 అసలు, దానిపై వడ్డీ చేరుతుంది. కారు మార్చక తప్పని రోజున అంత అప్పు తగ్గుతుంది.