కుర్చీ మీద సంచి పెట్టి వెళ్లే అలవాటు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు
ఈసారి: విదేశాల్లో జపాన్ ప్రయాణికుల భద్రత

ప్రశ్న: ఏ దేశంలోనైనా దొంగలు ముందు జపాన్ పర్యాటకుల మీదే కన్ను వేస్తారంటారు. వాళ్ల దగ్గర డబ్బుంటుందనేనా?

జవాబు: డబ్బు సగం కారణం, అదీ పాతది. 1964 ఏప్రిల్ 1న జపాన్ తన ప్రజలకు విదేశీ విహారయాత్రల తలుపు తెరిచింది. అప్పుడు మనిషికి ఏడాదికి ఒక్క ప్రయాణం, చేతిలో 500 డాలర్లు, అంతే. డాలరు విలువ తగ్గించడానికి అయిదు పెద్ద దేశాలు 1985లో చేసుకున్న ప్లాజా ఒప్పందం తర్వాత జపాన్ కరెన్సీ యెన్ బలపడింది, 1990కల్లా ఏటా బయటికి వెళ్లేవాళ్లు కోటి దాటారు. మెడలో కెమెరా, చేతిలో ఖరీదైన సంచి, జేబులో నోట్ల కట్ట అన్న ముద్ర అప్పుడు పడిందే. ఈమధ్య యెన్ బక్కచిక్కింది కానీ ముద్ర మాత్రం చెరగలేదు.

మిగతా సగం అలవాటు. టోక్యోలో కాఫీ హోటల్‌కి వెళ్లినవాళ్లు ముందు ఖాళీ కుర్చీ చూసుకుని దాని మీద సంచో ఫోనో పెట్టి, తర్వాత కౌంటర్ దగ్గర వరుసలో నిలబడతారు. ‘ఈ సీటు నాది’ అని చెప్పడానికి అదే గుర్తు. ఎవరూ ముట్టుకోరు. దారిలో పర్సు దొరికితే వీధి చివర పోలీసు పెట్టెకు, అంటే ‘కోబాన్’కు ఇచ్చేస్తారు. మూడు నెలల్లో సొంతదారు రాకపోతే దొరికినవాడికే చెందే పద్ధతి ఉంది. ‘నీళ్లూ భద్రతా ఉచితం’ అన్న మాట ఆ దేశం మీదే పుట్టింది. ఈ నిశ్చింతను వాళ్లే వెక్కిరింపుగా ‘హేవా బోకే’ అంటారు, శాంతి వల్ల పట్టిన మందమతి అని. మా దృష్టిలో అది కొంచెం అన్యాయమైన మాట. మెదడు మందగించలేదు, చేతులకు అలా అలవాటైందంతే.

అవే చేతులు బార్సిలోనా హోటల్లో పొద్దున టిఫిన్ దగ్గర సంచిని కుర్చీ మీద పెట్టి పళ్లెం తెచ్చుకోవడానికి లేస్తాయి. వెనక్కి వచ్చేసరికి సంచి ఉండదు. దీన్ని జపనీస్‌లో ‘ఓకిబికి’ అంటారు, పెట్టిన సామాను కాజేయడం. హోటల్ లోపల అందరూ అతిథులే కదా అనుకోవడం పొరపాటు. చక్కగా దుస్తులు వేసుకున్న దొంగను టిఫిన్ హాల్లో గది నంబరు అడిగేవాళ్లు తక్కువ. ఎక్కువగా జరిగే చోట్లు ఇవీ: హోటల్లో ఫారం నింపుతూ కాళ్ల దగ్గర సంచి పెట్టినప్పుడు, విమానాశ్రయంలో తోపుడుబండి మీది చిన్న సంచి, రైల్లో తలుపులు మూసుకునే ముందు క్షణం పై అరలోని సామాను. చివరిది బాగా ఆలోచించి చేసే పని. ప్లాట్‌ఫారం మీద ఒకడు అద్దం తట్టి ఏదో అడుగుతాడు, మీరు అటు తిరుగుతారు, లోపలున్నవాడు సంచితో దిగిపోతాడు.

మందు తేలికే. కూర్చుంటే సంచి పట్టీని తొడ చుట్టూ లేదా కుర్చీ కాలి చుట్టూ ఒక మెలిక వేయాలి. ఇద్దరుంటే ఒకరు కదలకూడదు. ఒంటరిగా ఉంటే పళ్లెంతో పాటు సంచీ వెళ్లాలి. జిప్పు లేని సంచి, వెనక జేబులో ఫోను పనికిరావు.

ఇంకో అలవాటు మర్యాద. ఎవరైనా పలకరిస్తే ఆగడం, వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో తుంచలేకపోవడం, పదిమందిలో గట్టిగా అరవలేకపోవడం. ‘కెచప్ దొంగతనం’ దీన్ని నమ్ముకునే నడుస్తుంది. వీపు మీద సాస్ గానీ ఐస్‌క్రీమ్ గానీ పూస్తారు. రెండోవాడు ‘అయ్యో, మరక’ అంటూ కాగితం రుమాలుతో తుడవడానికి వస్తాడు. మీరు కోటు విప్పుతారు, సంచి కింద పెడతారు. మూడోవాడు దాన్ని తీసుకుపోతాడు. మరక కనిపించినా ఆగకండి. సంచిని ఛాతీకి హత్తుకుని దగ్గర్లోని దుకాణంలోకో హోటల్లోకో వెళ్లి అక్కడ తుడుచుకోండి.

ప్రశ్న: మా ఆఫీసుకు వచ్చే జపాన్ ఇంజినీర్లు ప్రయాణానికి ముందు ఏదో రంగుల పటం చూస్తుంటారు. అందులో రంగు వేసిన దేశానికి వెళ్లడం వాళ్లకు నిషేధమా?

జవాబు: నిషేధం కాదు. అది జపాన్ విదేశాంగ శాఖ ఇచ్చే ప్రమాద సమాచారం. నాలుగు మెట్లుంటాయి. మొదటిది ‘తగినంత జాగ్రత్తగా ఉండండి’, రెండోది ‘అత్యవసరం కాకపోతే వెళ్లకండి’, మూడోది ‘వెళ్లకండి’, నాలుగోది ‘అక్కడుంటే వచ్చేయండి, వెళ్లనే వెళ్లకండి’. పసుపుతో మొదలై మెట్టు పెరిగేకొద్దీ ఎరుపు వైపు పోతుంది. ఒకే దేశంలో జిల్లాకో రంగు ఉండొచ్చు కాబట్టి దేశం పేరు చూసి వదిలేయకుండా, వెళ్లే ఊరు పటంలో ఎక్కడ పడుతుందో చూడాలి. ఇవి సలహాలే, చట్టబద్ధమైన బలం లేదు. అయినా మూడో మెట్టు పడితే ట్రావెల్ కంపెనీలు సాధారణంగా టూర్ నడపవు, కంపెనీలు ఉద్యోగులను పంపవు.

అసలు తప్పు రంగు లేని చోటి గురించి. రంగు లేకపోతే క్షేమమని అర్థం కాదు. పారిస్ మెట్రోలో జేబు కత్తిరించడం పటంలో రంగుకు ఎక్కే విషయం కాదు. దానికి అదే శాఖ వెబ్‌సైటులో దేశాలవారీగా ఉండే భద్రతా పుట చదవాలి. ఏ వీధిలో, ఏ వేళలో, ఏ పద్ధతిలో జరుగుతోందో అందులో రాస్తారు.

అదే శాఖ 2014లో మొదలుపెట్టిన ప్రయాణ నమోదు సేవ ‘తబిరెజి’ కూడా వాళ్లు తప్పక వాడాల్సినదే. మూడు నెలల లోపు ప్రయాణానికి తేదీలు, దేశం, ఈమెయిలు ఇస్తే అక్కడి రాయబార కార్యాలయం పంపే హెచ్చరికలు జపనీస్‌లో వస్తాయి. ఇంట్లోవాళ్ల ఈమెయిలు కూడా చేర్చవచ్చు. మూడు నెలలు, అంతకు మించి ఉండేవాళ్లకు తబిరెజి సరిపోదు. నివాస నమోదు చేసుకోవాలి, అది వాళ్ల పాస్‌పోర్టు చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. మీ ఇంజినీర్లు ఏడాది ఉండేవాళ్లయితే అడిగి చూడండి. తబిరెజిలో చేరాం కదా అని దీన్ని వదిలేసేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: జపనీస్ బాగా వచ్చిన స్థానికుడు పరిచయమైతే మంచిదే కదా! జపాన్ వాళ్లు అలాంటివాళ్లను చూసి ఎందుకు జంకుతారు?

జవాబు: జంకితే మంచిదే, చాలామంది జంకరు. ఇస్తాంబుల్ సుల్తానహ్మెత్ దగ్గరైనా, బ్యాంకాక్‌లోనైనా, హో చి మిన్ నగరంలోనైనా నడిరోడ్డు మీద చక్కటి జపనీస్‌లో పలకరించేవాడు ఆ భాష ఊరికే నేర్చుకోలేదు. జపనీస్ చదువుకున్న గైడ్లు, దుకాణదారులు నిజాయితీపరులు ఎందరో ఉన్నారు, కాదనం. వాళ్లు మీరు వెళ్తే మాట్లాడతారు. మోసగాడు తనే వస్తాడు. తేడా చూడాల్సింది అక్కడ.

ఆగ్నేయాసియాలో దశాబ్దాలుగా నడుస్తున్న ఎత్తు ‘ఇకాసామా తొబాకు’, అంటే మోసపు జూదం. వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. ‘మా చెల్లెలు త్వరలో జపాన్‌కు చదువుకో, నర్సు ఉద్యోగానికో వెళ్తోంది, అమ్మ భయపడుతోంది, ఒకసారి ఇంటికి వచ్చి ధైర్యం చెప్పండి’ అంటారు. ఇంట్లో భోజనం పెడతారు. చెల్లెలు ఉండదు, క్యాసినోలో పనిచేసే మామయ్య ఉంటాడు. పేకలో గెలిచే సైగలు సరదాగా నేర్పిస్తాడు. అంతలో బాగా డబ్బున్న ‘వ్యాపారి’ ఒకడు ఆటకు వస్తాడు. మొదటి ఆటలు గెలుస్తారు. పెద్ద ఆటకు వచ్చేసరికి ‘ముక్కలు విప్పే ముందు నీ దగ్గరా అంత డబ్బుందని చూపించు’ అంటారు. అక్కణ్నుంచి ఏటీఎంకు, నగల దుకాణానికి కారులో తిప్పుతారు, కార్డు మీద బంగారం కొనిపిస్తారు. ఆడింది జూదం కాబట్టి బాధితుడు తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటాడు, మోసం నిలబడేదే ఆ మౌనం మీద. పేక కనిపించిన క్షణమే లేచి రావాలి. డబ్బు ఇంకా బయటికి తీయలేదు కాబట్టి అప్పటికి గొడవ చిన్నదే.

నకిలీ పోలీసులు కంచే చేను మేసే రకం. ఒకడు పర్యాటకుడి వేషంలో దారి అడుగుతుండగా ఇద్దరు కార్డు చూపించి ‘మాదకద్రవ్యాల తనిఖీ, పర్సు తీయండి’ అంటారు. నోట్లు వాసన చూస్తున్నట్టు నటిస్తూ కొన్ని లాగేస్తారు. పాస్‌పోర్టు నకలు చూపించి ‘స్టేషన్‌కు నడిచి వెళ్దాం, అక్కడ పర్సు చూపిస్తా’ అంటే చాలావరకు జారుకుంటారు.

ప్రశ్న: మా జపాన్ స్నేహితుడు భారతదేశంలో ప్రయాణిస్తూ పాస్‌పోర్టు పోగొట్టుకుంటే ముందు ఎక్కడికి వెళ్లాలి?

జవాబు: ముందు పోలీస్ స్టేషన్‌కు, తర్వాతే రాయబార కార్యాలయానికి. ఫిర్యాదు ప్రతి లేకుండా తర్వాతి పని ఏదీ సాఫీగా కదలదు. దొంగతనమైతే కాగితం మీద ‘దొంగతనం’ అనే రాయించుకోవాలి. ‘పోయింది’ అని రాస్తే స్టేషన్‌లో పని తేలికవుతుంది గానీ బీమా దగ్గర దెబ్బ తగులుతుంది, ఎందుకో కింద చెబుతాం. స్టేషన్‌కు వెళ్లే దారిలోనే ఫోన్ చేసి కార్డులు ఆపించాలి.

తర్వాత ఢిల్లీలోని రాయబార కార్యాలయం, లేదా ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు కాన్సులేట్లలో ఆ ప్రాంతం ఎవరి కిందికి వస్తే అక్కడికి. పాస్‌పోర్టు పోయినట్టు అక్కడ నమోదు చేస్తే పాతది రద్దవుతుంది. మర్నాడు పరుపు కింద దొరికినా దానితో విమానం ఎక్కలేరు. అందుకే నమోదుకు ముందు సామానంతా ఒకసారి బోర్లించి వెతకమంటాం.

ఆ పైన రెండు దారులు. కొత్త పాస్‌పోర్టుకు 35×45 మిల్లీమీటర్ల ఫొటోలు, ఆరు నెలల లోపు తీసిన కుటుంబ నమోదు పత్రం ‘కోసెకి తోహోన్’ కావాలి. ఆ పత్రం కోసం జపాన్‌లో ఇంటివాళ్లు పురపాలక కార్యాలయానికి వెళ్లాలి. పైగా 2025 మార్చి 24 నుంచి కొత్త రకం పాస్‌పోర్టులు జపాన్‌లోని జాతీయ ముద్రణాలయంలోనే తయారవుతున్నాయి, కాబట్టి విదేశంలో దరఖాస్తు చేస్తే మునుపటికన్నా ఎక్కువ రోజులు ఆగాలి. తొందరగా ఇంటికి చేరాలంటే ‘తిరుగు ప్రయాణ పత్రం’ అడగాలి. అది నేరుగా జపాన్ వెళ్లడానికే, మిగతా యాత్ర సాగించడానికి కాదు. మధ్యలో ఇంకో దేశంలో విమానం మారేటట్టయితే వాళ్లు దాన్ని ఒప్పుకుంటారో లేదో టికెట్టుకు ముందే కనుక్కోవాలి.

అందరూ మరిచేది చివరి మెట్టు. పాత పాస్‌పోర్టుతో పాటు భారత వీసా కూడా పోయింది కదా! విదేశీయుల నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి దేశం విడిచే అనుమతి తీసుకోవాలి. అది లేకుండా విమానాశ్రయానికి వెళ్తే ఇమిగ్రేషన్ దగ్గర ఆగిపోతారు.

కాన్సులేట్ చేయనివి కూడా తెలిసి ఉండాలి. వాళ్లు దొంగను వెతకరు, ఆసుపత్రి బిల్లు కట్టరు, కోర్టులో వాదించరు. ఇంటివాళ్లకు కబురు చేరుస్తారు, డబ్బు తెప్పించుకునే దారి చెబుతారు, లాయర్ల, దుబాసీల వివరాలు ఇస్తారు.

ప్రశ్న: హోలీకి ఒంటరిగా రావాలనుకుంటున్న జపాన్ స్నేహితురాలికి ఏం చెప్పాలి?

జవాబు: వీధి హోలీకి ఒంటరిగా వద్దని సూటిగా చెప్పండి. 2023 మార్చిలో ఢిల్లీ పహాడ్‌గంజ్‌లో ఒక జపాన్ యువతిని పట్టుకుని రంగుల వంకతో అసభ్యంగా ప్రవర్తించిన వీడియో బయటికి రావడంతో పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. ఆ దేశ రాయబార కార్యాలయం హోలీ ముందు తన పౌరులను హెచ్చరిస్తుంటుంది కూడా. రంగులాట ఉద్ధృతంగా ఉండేది మధ్యాహ్నం దాకా. అప్పటిదాకా హోటల్లోనే ఉండి, తెలిసిన కుటుంబం ఇంట్లోనో హోటల్ ప్రాంగణంలోనో ఆడుకోవాలి. ముందు రోజే తిండి, నీళ్లు తెచ్చుకోవాలి. ఇచ్చిన ఠండాయి తాగకూడదు, భంగు కలిసి ఉండొచ్చు. ఇబ్బంది వస్తే నవ్వకూడదు. మొహమాటపు నవ్వును ఇక్కడ ఒప్పుకోలుగా తీసుకునే మూర్ఖులున్నారు. ఏ భాషలోనైనా గట్టిగా అరవాలి, 112కు ఫోన్ చేయాలి.

ప్రశ్న: జపాన్ వాళ్లంటే ఎవరికీ శత్రుత్వం లేదు కదా, ఉగ్రవాదులు వదిలేస్తారంటారు. నిజమేనా?

జవాబు: కాదు. 1997 నవంబరులో ఈజిప్టు లక్సర్‌లో పదిమంది, 2013లో అల్జీరియా గ్యాస్ కర్మాగారంలో పదిమంది, 2015లో ట్యూనిస్ బార్దో మ్యూజియంలో ముగ్గురు, 2016 జులై 1న ఢాకా రెస్టారెంటులో ఏడుగురు జపాన్ వాళ్లు చనిపోయారు. ఢాకాలో చనిపోయినవాళ్లు ఆ దేశానికి సాయం చేసే పథకాల మీద వచ్చినవాళ్లే.

కాల్పులు వినిపిస్తే ముందు నేలకు అతుక్కోవాలి, తర్వాత దూరంగా పోవాలి, వీలుకాకపోతే దాక్కోవాలి. భూకంపపు అలవాటుతో బల్ల కింద కూర్చుంటే కాల్చేవాడికి కనిపిస్తూనే ఉంటారు. ఫోన్ మోత ఆపాలి. ఏమైందో చూద్దామని కిటికీ దగ్గరికి వెళ్లకూడదు.

తుపాకీతో దోచుకునేవాడు ఎదురైతే మరో లెక్క. చేతులు కనపడేలా ఉంచి, పర్సు ఏ జేబులో ఉందో నోటితో చెప్పాలి. మీరే గబుక్కున కోటులో చెయ్యి పెడితే తుపాకీ తీస్తున్నారనుకుంటాడు. 1992 అక్టోబరులో అమెరికాలోని బాటన్ రూజ్‌లో హాలోవీన్ విందుకని పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టిన పదహారేళ్ల జపాన్ విద్యార్థి, ఇంటాయన ‘ఫ్రీజ్’ అని అరిచినా ఆగకుండా ముందుకు వచ్చి తూటాకు బలయ్యాడు. కదలొద్దని ఆ మాటకు అర్థమని జపాన్‌లో ఇంటింటా తెలిసింది ఆ తర్వాతే.

ప్రశ్న: క్రెడిట్ కార్డుతో వచ్చే ప్రయాణ బీమా చాలదా?

జవాబు: జపాన్ కార్డుల బీమా రెండు రకాలు. కార్డు ఉంటే చాలు వర్తించేది ఒకటి, విమానం టికెట్టో టూర్ ఖర్చో ఆ కార్డుతో కడితేనే వర్తించేది రెండోది. ఈమధ్య చాలా కార్డులు రెండో రకానికి మారాయి. పాత కాగితం నమ్ముకుని వెళ్లినవాళ్లకు ఆసుపత్రిలో గానీ తెలియదు. పైగా చావుకు పెద్ద మొత్తం, వైద్యానికి చిన్న మొత్తం ఉంటుంది. మామూలు కార్డుల్లో వైద్యానికి 20, 30 లక్షల యెన్‌లు ఉంటే ఎక్కువ, అమెరికాలో ఒక ఆపరేషన్‌కు అది చాలకపోవచ్చు. సామాను బీమాలో నగదు పోతే రాదు, ఎక్కడో మరిచిపోయినదానికీ రాదు, దొంగతనానికే వస్తుంది. పోలీసు కాగితం మీద మాట ముఖ్యమన్నది అందుకే. వస్తువుకు సాధారణంగా లక్ష యెన్‌ల హద్దు ఉంటుంది.

ఒంట్లో బాగాలేకపోతే ముందు బీమా కంపెనీ జపనీస్ నంబరుకు ఫోన్ చేయాలి. వాళ్లు చూపిన ఆసుపత్రికి వెళ్తే చాలాసార్లు చేతి డబ్బు కట్టక్కర్లేదు. నేరుగా వెళ్లి కట్టినవాళ్లు రసీదులు, డాక్టరు పత్రం భద్రంగా ఉంచుకుంటే జపాన్ ప్రభుత్వ ఆరోగ్య బీమా నుంచి కొంత తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే లెక్క జపాన్‌లోని వైద్య ధరల ప్రకారం కడతారు, గడువు రెండేళ్లు. విడిగా పాలసీ తీసుకునేవాళ్లు జపాన్‌లో ఇమిగ్రేషన్ దాటకముందే తీసుకోవాలి, దాటాక అమ్మే కంపెనీలు తక్కువ.