బతుకమ్మ ఒరిగిపోతుంటే: మధ్యలో నింపడం చూడండి

నాలుగో వరుస దాటగానే బతుకమ్మ పక్కకు ఒరిగిపోతోందంటే పూల తప్పు కాదండీ, మధ్యలో బోలుగా ఉండిపోయింది. అంచున పేర్చుకుంటూ పోయి లోపల నింపడం మర్చిపోతాం.

1. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు పూలు గుండ్రంగా పేర్చండి. పూలు బయటికి, కాడలు లోపలికి.

2. అసలు పని ఇక్కడే. ప్రతి వరుస అవగానే మిగిలిన కాడలు, ఆకులు సన్నగా తుంచి మధ్య గుంతలో వేసి అరచేత్తో గట్టిగా అదమండి. అంచు పూల కాడలు ఆ ఆకు కింద నొక్కుకుపోవాలి, అప్పుడే జారవు. చివర్లో ఒకేసారి నింపుదాం అనుకుంటే అస్సలు కుదరదు.

3. గునుగు పూలు చిన్న కట్టలుగా కట్టి, కాడలు ఒకే పొడవుకు కత్తిరించండి. రంగులో ముంచినవైతే బాగా ఆరాకే పెట్టండి. తడివైతే బరువుకు కుంగుతాయి, తెల్ల గునుగుకు కూడా రంగు అంటుతుంది.

4. వరుస వరుసకూ చుట్టు కొంచెం తగ్గించండి. తాంబాళం తిప్పుతూ పేర్చండి, ఒకవైపే కూర్చుంటే వంకర తెలియదు.

పైన పసుపు గౌరమ్మను పెట్టేముందు తాంబాళం మెల్లగా ఎత్తి చూడండి. కదిలితే ఇంకొంచెం ఆకు కూరండి, చాలు.