గాజు పూసల దండ

ప్రశ్న: ఈ జనవరిలో అండమాన్ హావ్‌లాక్‌లో మొదటిసారి స్కూబా డైవింగ్ చేశాను. పగడపు దిబ్బ చూసి పైకి వస్తూ మధ్యలో ఆగినప్పుడు, గాజు పూసల దండలాంటిది నా భుజాన్ని రాసుకుంటూ పోయింది. జెల్లీఫిష్ అనుకుని గబగబా పైకి పోబోతే ఇన్‌స్ట్రక్టర్ జాకెట్ పట్టుకుని ఆపారు. మంట, దురద ఏమీ లేవు. అదేమిటి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి ఒక దండం పెట్టుకోండమ్మా. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగేది ఊరికే కాదు, ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి. పైగా టెన్షన్‌లో ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తులే చిట్లవచ్చు. దాని ముందు జెల్లీఫిష్ మంట ఎంత!

మీరు చెప్పినదాన్ని బట్టి అది సాల్ప్ అనే సముద్రజీవుల దండ. ఒక్కో పూసలో నారింజో గోధుమో రంగు చుక్క కనిపించి ఉండాలి. అది దాని పేగు. మిగతా ఒళ్లంతా గాజే. చిన్న పీపాలా ఉండి ఒకవైపు నీళ్లు పీల్చి రెండోవైపు వదులుతుంది. ఈతా అదే, భోజనమూ అదే; నీళ్లతో వచ్చిన సూక్ష్మమైన నాచు లోపలి జిగురు వలలో చిక్కుతుంది. కుట్టే కణాలు లేవు. చుట్టరికం చూస్తే జెల్లీఫిష్ కన్నా మనకే దగ్గర. ఒంటరిగా తిరిగే సాల్ప్ ఒంట్లోంచే ఈ దండ మొగ్గ తొడిగినట్టు పుట్టుకొస్తుంది.

అయితే గాజులా ఉన్నవన్నీ సాల్ప్‌లు కావు, చేత్తో పట్టుకోకండి. నేను కొత్తలో చేసిన తెలివితక్కువ పని చెబుతాను. మణికట్టుకి జెల్లీఫిష్ పోగు చుట్టుకుంటే పడవెక్కి, సీసాలోని మంచినీళ్లు పోసి తువ్వాలుతో రుద్దాను. మంట రెట్టింపైంది. మంచినీళ్లకీ, రుద్దుడికీ పేలకుండా మిగిలిన కణాలు కూడా పేలుతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, పోగులు పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఓ ఇరవై నిమిషాలు ఉంచాలి. ఆయాసం వస్తే మాత్రం నేరుగా ఆసుపత్రికే.

ఈసారి దండ కనిపిస్తే టార్చి ఎదురుగా కాదు, పక్కనుంచి వేయండి. ఫొటో కావాలంటే వెనక మీ నల్ల ఫిన్ (కాలికి తొడిగే ఈత రెక్క) అడ్డం పెట్టండి, లేకపోతే కెమెరాకి ఫోకస్ దొరకదు. నాకు కిందటిసారి ఎదురైన దండలో పదకొండు చుక్కల దాకా లెక్కపెట్టాను. పన్నెండోది లెక్కపెట్టేలోపే ప్రవాహం లాక్కుపోయింది.